రెండో కాకి

మా అన్నయ్య కొడుకు ముంజేతిమీద రెండు పక్షుల్ని పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. బొమ్మ బాగాలేక కాదు. రెక్కలు, ముక్కు, గోళ్ళు అన్నీ చక్కగానే ఉన్నాయి. "ఏటిరా ఇది?" అంటే ఫోన్ తీసి ఒక పేజీ చూపించాడు. పైన అలాంటివే రెండు పక్షులు, కింద లావుపాటి అక్షరాల్లో అర్థం: జ్ఞానం. అంతే. చెయ్యంతా సూదులు గుచ్చించుకున్న మనిషికి ఒక్క మాటతో సరిపోయింది.

నేను బట్టలు కుట్టేదాన్ని. మలేసియాలో తెలుక్ ఇంటాన్‌లో వరస ఇళ్ళ మధ్య ఒక ఇల్లు, ముందు గదిలో మిషను, వెనక చిన్న పెరడు. బడిపిల్లల యూనిఫారాలు నా ప్రధానమైన పని. ఒక గుడ్డ ఎందుకు అడ్డంగా కత్తిరించాలో, ఎందుకు నిలువుగా కత్తిరించాలో అడిగితే అరగంట చెప్పగలను. అలాంటిది, చచ్చేదాకా ఒంటిమీద ఉండే బొమ్మకి ఒక్క మాటేమిటని నా కోపం.

"కాకులు ఎందుకురా పొడిపించుకున్నావు?" అన్నాను.

"మన కాకి ఇల్లె అత్తా. రేవెన్. పెద్దది లా," అన్నాడు. వాడు కౌలాలంపూర్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే తమిళం, ఇంగ్లీషు, మలై అన్నీ వచ్చి పడతాయి; ఇల్లె అంటే తమిళంలో కాదని, చివర లా అనేది మలైవాళ్ళ ఊతపదం. రేవెన్ అంటే మన బొంతకాకి లాంటిదై ఉంటుందని నేనే అనుకున్నాను.

వాడు చెప్పిన కథ ఇది. ఓడిన్ అని ఒక దేవుడు. ఉత్తరాన మంచుదేశాలవాళ్ళు పూర్వం కొలిచిన దేవుళ్ళకి పెద్ద. జ్ఞానం కోసం ఒక కన్ను తీసి ఇచ్చేశాడట. ఆయన దగ్గర రెండు బొంతకాకులు. ఒకదాని పేరు హుగిన్, ఆలోచన అని అర్థం. రెండోదాని పేరు మునిన్, జ్ఞాపకం అని అర్థం. పొద్దున్నే రెండింటినీ వదులుతాడు. అవి లోకమంతా తిరిగొచ్చి, చూసినవన్నీ ఆయన చెవిలో చెబుతాయి.

"తిరిగి రాకపోతేనో?" అన్నాను.

"దానికే రోజూ భయపడతాడంట అత్తా. ఆలోచన రాదేమోనని భయం. రెండోది రాదేమోనని ఇంకా ఎక్కువ భయం."

అప్పుడు నేను అమ్మకి గంజి తాగిస్తున్నాను. చెంచా ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది, ఎందుకు ఆపానో తెలియక.

"ఆ ముక్క మీ పేజీలో లేదేం?" అన్నాను.

"అర్థం అంటే జ్ఞానమే లా."

"జ్ఞానమా నీ మొహమా! పొద్దున్న పంపించి, వస్తాయో రావోనని గుమ్మంకేసి చూస్తూ కూచునేవాడి బొమ్మరా అది. కన్ను పీకి ఇచ్చినా తీరని బెంగ. బెంగ అని రాయమను."

వాడు నవ్వేసి మిగిలిన గంజి తనే తాగించాడు. మంచివాడు వాడు. మంచివాళ్ళమీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా తెచ్చుకున్నాను.

ఎందుకంటే అమ్మకి మతిమరుపు మొదలైన ఆ మూడేళ్ళూ నేను చేస్తున్నది అదే ఎదురుచూపు. అమ్మ ఆలోచన బాగానే తిరిగొచ్చేది. అన్నం ఉడికిందో లేదో వాసనతో చెప్పేది. నేను చొక్కా చంక దగ్గర తప్పు కుట్టు వేస్తే కూచున్నచోటినుంచే పట్టుకునేది. రానిది రెండోదే. మొదట మలై పోయింది. తరవాత తమిళం పోయింది. అరవై ఏళ్ళు ఆ రెండు భాషల్లో బేరాలాడి, తగువులాడి బతికిన మనిషికి చివరికి సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలో పుట్టినప్పుడు విన్న తెలుగొక్కటే మిగిలింది. ఆ తరవాత నేను పోయాను.

"నువ్వెవులి గుంటవో గానీ మంచిదానివి. సీకటి పడకముందే ఇంటికెల్లు. మీయమ్మ సూస్తా ఉంటాది," అనేది నాతో.

రోజూ అదే మాట. మొదట్లో ఏడ్చేదాన్ని. తరవాత అరిచేదాన్ని. "నువ్వే నాయమ్మవి! ఇదే నా ఇల్లు! ఎక్కడికెల్లమంటావు?" అని వెనక సందు వినేలా అరిచేదాన్ని. ఆమె బెదిరిపోయి, "కోప్పడకే, ఊరికే సెప్పినాను," అనేది. పరాయివాళ్ళింట్లో ఉన్నట్టు చీర కొంగు సర్దుకునేది. నా కోపాన్ని కూడా కాసేపటికి మరిచిపోయేది. నేను మాత్రం అలాగే ఉండిపోయేదాన్ని.

అమ్మకి అన్నీ పోయినా ఒక అలవాటు పోలేదు. తను ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పెరటి గోడమీద కాకికి పిడికెడు అన్నం పెట్టడం. పోయిన పెద్దలు వచ్చి తింటారని మా నమ్మకం. ఎస్టేటులో ఉన్నప్పుడు కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతూ కూడా పెట్టి పోయేది. తేడా ఏమిటంటే, ఇప్పుడు పెట్టిన సంగతి మరిచిపోయేది. అన్నంగిన్నె ఎక్కడ దాచినా వెతికి తీసి రోజుకి పదిసార్లు పెట్టేది. ఒక కాకికి ఎడమ రెక్కలో ఈక ఊడి, ఎగిరితే సందులోంచి ఆకాశం కనపడేది. దాన్ని "మాయమ్మ" అనేది. "ఓలమ్మా, వచ్చినావా, తిను," అని మాట్లాడేది. నన్ను గుర్తుపట్టని మనిషి ఆ కాకిని దూరంనుంచే గుర్తుపట్టేది. దాని మీద నాకు అసూయ ఉండేది. ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పదిసార్లు అన్నం పెడితే కాకులు ఒకటీ రెండూ రావు. కరెంటు తీగలన్నీ వాటితో నల్లబడిపోయాయి. బట్ట కుట్టాక సుద్దగీతలు పోయేలా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వడం నా పద్ధతి. బడులు తెరిచే ముందు వారాల్లో పెరడంతా తెల్లచొక్కాలే. వాటిమీద రెట్టలు. ఉతికినవే మళ్ళీ ఉతకడం. గజంబద్ద పట్టుకుని తరిమేదాన్ని. అవి పక్కింటి కప్పుమీద కూచుని, నేను లోపలికి పోయేదాకా నన్నే చూసేవి. వెనక సందులోవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నారు. వాళ్ళ కార్లమీద కూడా పడుతున్నాయట. వాళ్ళ పిల్లల చొక్కాలు కుట్టేది నేనే, ఏమనగలను?

ఒకరోజు మధ్యాహ్నం, మూడోసారి ఉతికిన చొక్కాలమీద మళ్ళీ రెట్టలు చూసి, అరికాలి మంట నెత్తికెక్కింది. మునిసిపల్ కౌన్సిలుకి ఫోన్ చేశాను. కాకులు ఎక్కువైపోయాయి, వచ్చి కాల్చెయ్యండి అన్నాను. అలా అడగడం మా దగ్గర వింతేమీ కాదు. ఫోన్ ఎత్తినతను పేరూ వీధీ రాసుకుని, ధన్యవాదాలు చెప్పాడు.

ఈ కాకులు ఈ నేలవి కావట. ఎస్టేటు దొరలు సిలోను నుంచి ఓడల్లో తెప్పించారట, తోటల్లో పురుగుల్ని తినడానికి. ఆ సంగతి నాకు అంతకు ముందే తెలుసు. మా తాతముత్తాతల్ని శ్రీకాకుళం వైపునుంచి తెప్పించింది కూడా ఆ దొరలే, ఆ తోటల్లో పనికే. పని అయిపోయాక ఆ ఎస్టేటు లైను ఇళ్ళలోంచి మమ్మల్ని పొమ్మన్నప్పుడు, ఇన్నాళ్ళు చాకిరీ చేయించుకుని ఇప్పుడు ఎక్కువైపోయామా అని ఊగిపోయినదాన్ని నేను. ఆ నోటితోనే ఫోన్‌లో "ఎక్కువైపోయాయి" అన్నాను.

ఒకరోజు పొద్దున్న తుపాకులతో ముగ్గురు వచ్చారు. పని అయ్యేదాకా ఎవరూ బయటికి రావద్దన్నారు. అమ్మని ముందు గదిలో కూచోబెట్టి టీవీ సౌండ్ పెంచాను. అయినా వినపడింది. ప్రతి పేలుడుకీ అమ్మ భుజాలు ఎగిరిపడేవి. "దీపావలేటే?" అని అడిగింది. అవునన్నాను.

అంతా అయ్యాక వాళ్ళు చచ్చిన కాకుల్ని సంచుల్లోకి ఎత్తుకున్నారు. నేను వాళ్ళ కాయితంమీద సంతకం పెట్టడానికి ముందు గేటు దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ వంటింట్లో నిలబడి ఉంది, కొంగు ఒడిలా పట్టుకుని. నీళ్ళ డ్రమ్ము వెనక పడిన కాకిని వాళ్ళు చూడలేదు, అమ్మ చూసింది. ఎడమ రెక్క వేలాడుతోంది. ఈక ఊడిన సందు కనపడుతోంది.

"గుంటా, సూడు. మాయమ్మని ఎవులో సంపీసినారు," అంది.

నేను పెరటి తలుపు మూశాను.

"ఎవులు సంపినారే?"

"నాకేటి తెలుసు," అన్నాను.

నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను. రేపు ఇస్తానన్న బట్టలు ఎల్లుండి ఇచ్చాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. ఆమె నన్ను నమ్మింది. ఎవరో తెలియని మంచి గుంట చెప్పిందని నమ్మింది. కాకిని ఆమె ఒడిలోంచి తీసుకుని, పేపర్లో చుట్టి, చెత్తడబ్బాలో పడేశాను. మర్నాటికి ఆమెకి ఏమీ గుర్తులేదు. గిన్నె వెతుక్కుని, గోడమీద పిడికెడు అన్నం పెట్టి, నిలబడి చూసింది.

"ఈయాల రాలేదేటే?"

"వస్తాదిలే."

మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ. బతికినవి మా సందు వదిలేసి ఎటో పోయాయి. చొక్కాలు తెల్లగా ఆరాయి. ఇరవై రోజులకి, ఒక ఉదయం, గంజి తాగి కుర్చీలోనే పోయింది అమ్మ. గోడమీద ఆవేళ పెట్టిన అన్నం అలాగే ఉంది.

పదో రోజు కర్మకి నది ఒడ్డుకి వెళ్ళాం. అన్నయ్య, వాడి కొడుకు, బాగన్ దాతుక్‌నుంచి వచ్చిన పిన్ని, గుడి పూజారిగారు, నేను. పూజారిగారు ఆంధ్రానుంచి వచ్చి రెండేళ్ళయింది. నెమ్మదైన మనిషి. అన్నయ్య చేత పిండాలు పెట్టించి, అరిటాకు రాతిమీద ఉంచి, అందర్నీ వెనక్కి జరగమన్నాడు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళకి మనమీద కోపం లేనట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు.

నిలబడ్డాం. గోరింకలు వచ్చాయి, చూసి పోయాయి. దూరంగా బురదలో ఒక కొంగ. కాకి లేదు.

"అమ్మగారికి తీరని కోరికేదైనా ఉండి ఉంటుందండీ. తీరుస్తామని మాటివ్వండి, వస్తుంది," అన్నాడు పూజారిగారు.

ఇది మా వాళ్ళందరికీ తెలిసిన పద్ధతే. ఆకు దగ్గర నిలబడి, పోయినవాళ్ళ మనసులో ఏముందో ఊహించి, ఒక్కొక్కటే గట్టిగా మాటివ్వడం. అన్నయ్య మొదలుపెట్టాడు. "అమ్మా, సింహాచలం ఎల్తాం. నీ పేరున అప్పన్న దర్సనం సేస్తాం." రాలేదు. "నీ మనవడికి పెళ్ళి సేస్తాం." రాలేదు. "ఎస్టేటు గుడికి రంగులేయిస్తాను." అమ్మ బతికుండగా ఏడాదికి రెండుసార్లు వచ్చి, కుర్చీ అంచున కూచుని పోయినవాడు, ఇప్పుడు ఆకుముందు నిలబడి ఒకటే మాటలు. నేను పళ్ళు కొరుక్కున్నాను.

మేనల్లుడు మెల్లిగా ఫోన్ తీశాడు. ఏం చేస్తున్నాడా అని చూస్తే, కాకి అరుపు వెతికి పెట్టాడు. ఫోన్‌లోంచి కావు కావుమని అరుపు. పైకెత్తి పట్టుకున్న ఆ చేతిమీద ఓడిన్ కాకులు రెండూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. బురదలో ఉన్న కొంగ కూడా ఎగిరిపోయింది. ఇంకెప్పుడైనా అయితే కడుపుబ్బ నవ్వేదాన్ని.

"ఆపు," అన్నాను.

అప్పుడు పిన్ని నావైపు తిరిగింది. "నువ్వేటైనా అన్నావేటే మాయప్పని, మీయమ్మని? నువ్వు అరుస్తావని అందరూ సెప్పుకుంటారు. సెమించమని అడుగు. ఆడపిల్ల అడిగితే వస్తాది."

అందరూ నావైపు చూశారు. మూడేళ్ళు ఎత్తి, కడిగి, తినిపించినప్పుడు ఎవరూ చూడలేదు.

పూజారిగారు వాతావరణం చల్లబరచాలనుకున్నాడు పాపం. "ఫర్వాలేదండీ. దర్భతో కాకిని చేసి ముట్టిద్దాం. ఇక్కడ కాకులు తగ్గిపోయాయి కదా, చాలామందికి ఇలాగే చేయిస్తున్నాను," అని రెండు పోచలు తీసి చకచకా మెలిపెట్టి, ముక్కులా వంచాడు.

ఆ గడ్డికాకిని ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. పూజారి చేతిలోంచి లాక్కోవడం తప్పని తెలుసు.

"రావు. ఏటిచ్చినా రావు. నానే సంపించినాను," అన్నాను.

చెప్పేశాను. చొక్కాలు, ఫోన్, తుపాకులు, కొంగులో కాకి, నాకేటి తెలుసు అన్న మాట, చెత్తడబ్బా, అన్నీ. అరుస్తూనే చెప్పాను, నాకు మెల్లిగా చెప్పడం రాదు. తిడతారని నిలబడ్డాను. తిట్టాలని కోరుకున్నాను.

పిన్ని నిట్టూర్చింది. "ఓసి, ఇంతేనా! కాకులే కదే. దానికింత ఏడుపా?"

"మంచి పనే సేసినావు లా. ఇల్లంతా కంపు," అన్నాడు అన్నయ్య.

"తెలియక జరిగింది తల్లీ. దోషం లేదు," అన్నాడు పూజారిగారు.

ఒక్క నిమిషంలో ముగ్గురూ నన్ను క్షమించేశారు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. వీళ్ళెవరు క్షమించడానికి? అడిగినది వీళ్ళని కాదు. తెలియక అంటాడేమిటి, నాకు తెలియనిదేముంది? ప్రతి పిడికెడూ ఎవరికోసం పెడుతోందో నాకు తెలుసు. క్షమించాల్సిన మనిషి ఒక్కతే. ఆమె మర్నాటికే మరిచిపోయింది. మరిచిపోయిన మనిషి ఎలా క్షమిస్తుంది? గుర్తుంటే కదా తిట్టడమైనా, పోనీలెమ్మనడమైనా! అమ్మ నన్ను ఏ కోపమూ లేకుండా వదిలేసి పోయింది, అదే నేను భరించలేకపోతున్నాను.

మేనల్లుడు మాత్రం మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాగి, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకున్నాడు. పిండాలు నదిలో కలిపి వచ్చేశాం. గడ్డికాకి నా పిడికిట్లోనే నలిగిపోయింది.

ఆ తరవాత వాడు ఫోన్ చేసినప్పుడు ఒకసారి అడిగాడు. "అత్తా, ఆ రెండో కాకి ఒకరోజు తిరిగి రాకపోతే ఓడిన్ ఏం చేస్తాడు?" కథలో ఉందేమో నువ్వే చూసి చెప్పు అన్నాను. ఎక్కడా లేదట. భయపడతాడని మాత్రమే ఉందట. వాడి గొంతులో నవ్వు లేదు.

నేను రోజూ అన్నం పెడుతున్నాను. ఒక్కసారే, తినేముందు, పెరటి గోడమీద. భక్తితో కాదు, పంతంతో. మధ్యాహ్నం వచ్చి చూస్తే చీమలు ఉండేవి. తుడిచేసి, మర్నాడు మళ్ళీ పెట్టేదాన్ని. తీగలమీద ఏమీ లేని ఆకాశాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

నిన్న ఒకటి వచ్చింది. మామూలు కాకి. రెక్కలు నిండుగా ఉన్నాయి, ఏ సందూ లేదు. పక్కింటి కప్పుమీద వాలి అన్నంకేసి చూసింది. తరవాత నన్ను చూసింది. కొత్త మనిషిని చూసినట్టు కాదు. నా చేతులకేసి చూసింది, గజంబద్ద ఉందా అని. అరచేతులు రెండూ తెరిచి చూపించాను. కదల్లేదు. "రా, తిను," అన్నాను, అమ్మ పిలిచినట్టు. రెండడుగులు వెనక్కి వేసింది. నేను ఒక అడుగు ముందుకి వేస్తే కప్పు చివరికి పోయింది. చాలాసేపు అలాగే ఉన్నాం. కన్నతల్లి మరిచిపోయిన మొహాన్ని అది మరిచిపోలేదు.

చివరికి నేనే లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. కాసేపటికి గోడమీద వాలిన చప్పుడు, ముక్కుతో పొడిచే చప్పుడు. తలుపు తియ్యలేదు. చెక్కకి నుదురు ఆనించి, ఎవులు సంపినారే అని ఆవేళ అమ్మ అడిగినదానికి, "నానే అమ్మా," అన్నాను. అవతల అది తింటూనే ఉంది.